చక్రానికి కాస్త చోటివ్వు

ఐదో మలుపు దాటావు. రోడ్డు పైకి ఎక్కుతోంది. మూడో గేరులో ఉన్నావు, కుడికాలు నేలకంటా అదిమే ఉంది. ఇంజిన్ అరుపు హెల్మెట్ లోపలికి దూరి చెవుల్లో తిరుగుతోంది. ఎదురుగా, ఎండిన గడ్డి కొండల మధ్య, తారు మళ్లీ ఎడమకి వంగుతోంది.

అది ఆరో మలుపు. కాలిఫోర్నియాలో మాంటెరే పక్కనున్న లగూనా సెకా ట్రాక్‌లో కొత్తవాళ్లందరూ భయపడేది పేరుమోసిన కార్క్‌స్క్రూకి. పాతవాళ్లు జాగ్రత్తగా ఉండేది మాత్రం ఇక్కడ.

నీ కింద ఉన్నది 1999 మాజ్డా మియాటా. రెండే సీట్లు, 1.8 లీటర్ల ఇంజిన్. నువ్వూ, కుడి సీట్లో నీకు నేర్పడానికి కూర్చున్న అన్నా కలిస్తే దాదాపు పన్నెండు వందల కిలోలు. ముందున్న యజమాని పొట్టి స్ప్రింగులు వేసి కారుని బాగా దించాడు. టైర్లకీ ఫెండర్లకీ మధ్య రెండు వేళ్లు కూడా దూరవు. పార్కింగ్‌లో చూసినప్పుడు ఆ అందానికే పడిపోయావు.

బ్రేకు తాకించు. వదులు. స్టీరింగ్ ఎడమకి.

మలుపు మధ్యలో రోడ్డు కుంగి, వెంటనే పైకి లేస్తుంది. ఒళ్లు సీట్లోకి కూరుకుపోతోంది. కారు కుడికి ఒరుగుతోంది. కుడి వెనక చక్రం మీద బరువు చేరుతోంది. ఇంకా ఒరుగుతోంది. ఇంకా.

టక్.

చప్పుడు నడుముకి తగిలింది.

వెనక జారింది. ముక్కు లోపలికి. తోక బయటికి. కుడిపక్కన మట్టి.

కాలు ఎత్తాలనిపిస్తుంది. ఎత్తకు. ఎత్తితే బరువు ముందుకి దూకుతుంది. వెనక మిగిలిన పట్టూ పోతుంది.

స్టీరింగ్ కుడికి. మట్టి వంక చూడకు. రోడ్డు చూడు. అక్కడ.

పట్టింది. తిన్నగా తిప్పు. త్వరగా!

కారు ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగి, కొండ ఎక్కే రోడ్డు మీదకి వచ్చింది. కుడివైపు టైర్లు మట్టి అంచుని రాసుకుంటూ వచ్చాయి. నోరు ఎండిపోయింది. హెల్మెట్ మైకులో అన్న గొంతు నిదానంగా వినిపిస్తోంది. “ఊపిరి పీల్చు. మిగతా ల్యాపు మెల్లగా నడుపు. లోపలికి తీసుకురా.”

*

ట్రాక్ పక్కన కార్లు ఆపుకునే పాడాక్‌లో కారు ఆపగానే బ్రేకుల కాలిన వాసన చుట్టుముడుతుంది. అన్న ఏమీ అనకుండా జాకీ తెచ్చి కుడి వెనక చక్రం ఊడదీస్తాడు. నువ్వు మోకాళ్ల మీద కూర్చుని లోపలికి తొంగి చూస్తావు.

పొద్దున ఆయన షాక్ అబ్జార్బర్ కడ్డీకి చిన్న నల్లటి జిప్ టై చుట్టి బిగించాడు. ఎందుకని నువ్వు అడగలేదు. షాక్ మూసుకున్నప్పుడల్లా కింది గొట్టం పైకొచ్చి ఆ టైని నెట్టుకుంటూ పోతుంది. గొట్టం దిగిపోయినా టై అక్కడే ఉండిపోతుంది. చక్రం ఎంత పైకి వెళ్లొచ్చిందో చెప్పే గుర్తు అది.

ఇప్పుడా టై కడ్డీ మధ్యలో ఎక్కడా లేదు. పైకంటా పోయి, కడ్డీ చివరనున్న ఫోమ్ ముద్దలో ఇరుక్కుంది. ముద్ద అంచు చితికి పొరలు లేచింది. దాని కింద కడ్డీ మెరుస్తోంది, దుమ్ము చారలో వేలిముద్రంత కూడా మిగల్లేదు.

ఆ ముద్ద పేరు బంప్ స్టాప్. చక్రం ఇక పైకి వెళ్లడానికి చోటు లేనప్పుడు ఇనుముని ఇనుము గుద్దకుండా అడ్డుపడేది. మెల్లగా ఆనితే రెండో స్ప్రింగులా పనిచేస్తుంది. పూర్తిగా అణిగిపోతే మాత్రం రాయి. మలుపు నడిమధ్యలో నీ వెనక స్ప్రింగు స్థానంలోకి రాయి వచ్చింది.

రాయి వస్తే వెనక ఎందుకు జారాలి? మలుపులో లోపలి చక్రాల మీంచి బయటి చక్రాల మీదకి బరువు మారుతుంది. మొత్తం ఎంత మారుతుందన్నది కారు బరువు, ఆ బరువు నేలకి ఎంత ఎత్తున ఉంది, చక్రాల మధ్య వెడల్పు ఎంత, ఎంత వేగంగా తిప్పావు అన్నవే తేలుస్తాయి. ఏ స్ప్రింగు వేసినా ఆ మొత్తం దాదాపు మారదు. అందులో ముందు టైరు వాటా ఎంత, వెనక టైరు వాటా ఎంత అన్న పంపకం మాత్రమే స్ప్రింగుల చేతిలో ఉంటుంది. ఏ వైపు గట్టిగా ఉంటే ఆ వైపుకి పెద్ద వాటా. వెనక ఒక్కసారిగా రాయైపోయింది కాబట్టి బయటి వెనక టైరు మీద పెద్ద వాటా వచ్చి పడింది. బరువు రెట్టింపైతే టైరు పట్టు రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. ఆ లోటులోనే నువ్వు మట్టి దాకా వెళ్లావు.

“గట్టి స్ప్రింగులు వేసేద్దామన్నా,” అంటావు.

“ముందు కారు పైకెత్తాలి,” అంటాడు.

కిందికి ఉంటేనే మంచిది కదా! రేసు కార్లన్నీ నేలని రాసుకుంటూ పోవూ? అవి ఆ ఎత్తుకి తగ్గట్టే మొదటి నుంచీ గీసిన కార్లు. రోడ్డు కారుని మూడు సెంటీమీటర్లు దించితే బరువు కేంద్రం మూడే దిగుతుంది. చక్రాల్ని పట్టుకున్న ఆర్మ్‌ల వాలు మారిపోవడంతో, కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది అంతకన్నా ఎక్కువ దిగిపోతుంది. రెంటి మధ్య దూరం పెరిగితే కారు ఇంకా ఎక్కువ ఒరుగుతుంది. ఒరగడం పెరిగింది, చక్రానికి చోటు తగ్గింది. మియాటా వెనక వైపు మామూలుగానే ఆ చోటు తక్కువ.

*

తర్వాతి శనివారం ఫ్రీమాంట్‌లో అన్న గరాజ్‌లో ఉన్నావు. బల్ల మీద మూడు జతల స్ప్రింగులు, మీద తెల్ల పెయింటుతో అంకెలు. కాస్త దూరంగా గుడ్డలో చుట్టిన నాలుగు షాకులు.

చేయి తిన్నగా 700 మీదకి పోతుంది. స్పెక్ మియాటా అనే రేసు తరగతిలో ముందు చక్రాలకి అందరూ వేసేది అదే, అంగుళం నొక్కడానికి 700 పౌండ్లు. మన లెక్కలో మిల్లీమీటరుకి పన్నెండున్నర కిలోలు. ఎత్తి చూడు. వేలంత లావు తీగ. చేతిలో ఉంటేనే ధైర్యంగా ఉంటుంది.

“ఆటోనగర్‌లో ఖాళీ లారీ స్పీడ్ బ్రేకర్ దాటుతుంటే చూశావా?” అంటాడు అన్న. విజయవాడ ఆటోనగర్‌లో వాళ్ల నాన్నకి షెడ్డుండేది. “వెనక చక్రాలు నేల వదిలేసి డబడబ కొట్టుకుంటాయి. పది టన్నుల సరుకు కోసం వేసిన కమాన్లు మరి. ఖాళీ బండి బరువు వాటికి ఆనదు. నీ టైరుకి ఆనని స్ప్రింగు నీకెందుకు?”

అంటే ఎంత కావాలి? ముందు కారు కిందికి దూరి చూడు. స్ప్రింగు చక్రం మీద లేదు. ఆర్మ్ మధ్యలో, లోపలికి ఉంది. చక్రం పది మిల్లీమీటర్లు లేస్తే స్ప్రింగు ఏడు దరిదాపుల్లోనే నలుగుతుంది. ఆ తేడా రెండుసార్లు దెబ్బ తీస్తుంది: కదలికలో ఒకసారి, బలంలో ఇంకోసారి. పదింట ఏడుని పదింట ఏడుతో గుణిస్తే దాదాపు సగం. స్ప్రింగు మీద మిల్లీమీటరుకి పది కిలోలని రాసి ఉంటే చక్రం దగ్గర అది ఇంచుమించు ఐదు.

ఇప్పుడు ఆ ఐదుని ఒంటి మీదకి తెచ్చుకో. రెండో మలుపైన ఆండ్రెట్టి హెయిర్‌పిన్‌కి నువ్వు గట్టిగా బ్రేకేస్తావు. బెల్టు ఛాతీని కోస్తుంది. ఆ క్షణంలో వెనక చక్రాల నుంచి ముందు చక్రాలకి రెండు వందల కిలోలకు పైనే మారతాయి, ఒక్కో చక్రానికి వంద. వందని ఐదుతో భాగించు. ముక్కు రెండు సెంటీమీటర్లు దిగుతుంది. అంతే దిగితే నీ కళ్లూ, నీ చేతులూ, టైర్లూ తట్టుకుంటాయి. పాత స్ప్రింగులతో అది ఇంతకి ఎంతో ఎక్కువ.

అలాగైతే పన్నెండున్నరతో ఇంకా తక్కువ దిగుతుంది కదా? దిగుతుంది. అయితే స్ప్రింగు ఎంత గట్టిదైతే దాని చేయి అంత పొట్టిది. కారు తన బరువుతో స్ప్రింగుల మీద కూర్చున్నప్పుడు ఒక్కో చక్రం మీద 270 కిలోల దాకా ఉంటాయి. ఐదు కిలోల గట్టితనంతో చక్రం ఐదు సెంటీమీటర్ల పైన నలిగి ఉంటుంది. అంటే రోడ్డు ఉన్నట్టుండి కిందికి పడిపోయినా, ఆ ఐదు సెంటీమీటర్ల దాకా స్ప్రింగు చక్రాన్ని నేలకి ఒత్తుతూనే ఉంటుంది. గట్టిదనం రెట్టింపు చేస్తే రెండున్నరకే చేయి వదిలేస్తుంది. నువ్వు నడపబోయే ట్రాక్‌లో రోడ్డు పడిపోయే చోటు ఒకటి ఉందని గుర్తుంచుకో.

నీ టైర్లు రోడ్డు మీదకీ ట్రాక్‌కీ పనికొచ్చే రకం. రేసు స్లిక్కులు కావు. ఈ కారుకి రెక్కలూ లేవు, గాలి దాన్ని నేలకి అదమదు. పైగా ఇదే కారులో ఇంటికి వెళ్లాలి. సాధారణ కారు ఒళ్లు సెకనుకి ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగే స్వభావంతో ఉంటుంది. ఇలాంటి ట్రాక్ కారుకి రెండు దరిదాపుల్లో ఉంటే చాలు. ఆ లెక్కకి సరిపోయేవి బల్ల మీద ఉన్నాయి: ముందుకి 550, వెనకకి 350. మిల్లీమీటరుకి సుమారు పదీ, ఆరూ.

700ని కింద పెట్టు. మనసు ఒప్పదు. పెట్టు.

ఇక గుడ్డ విప్పు. నా గట్టి అభిప్రాయం ఇది: చేతిలో ఉన్న డబ్బులో పెద్ద భాగం పోవాల్సింది షాకులకే. స్ప్రింగు చవకది, నిజాయితీ గలది, మీద రాసిన అంకెని ఏళ్ల తరబడి నిలబెట్టుకుంటుంది. షాక్ అలా కాదు. కడ్డీ పట్టుకుని మెల్లగా లోపలికి తొయ్యి. నూనెలో వేలు కదిపినట్టు దిగుతుంది. ఇప్పుడు ఒక్క ఊపున తొయ్యి. గోడ! చేయి తీసెయ్యి, కడ్డీ తనంతట తానే బయటికి వస్తుంది, లోపల ఒత్తిడి మీదున్న నైట్రోజన్ దాన్ని నెడుతోంది కనక. ఆ వాయువు లేకపోతే గతుకుల మీద నూనె నురగ కట్టి పట్టు వదిలేస్తుంది. ఫ్రెంచి ఇంజనీరు డి కార్బన్ ఆలోచన అది. బిల్‌స్టీన్ దాన్ని 1950ల్లో మెర్సిడెస్ కార్లకి తెచ్చింది.

స్ప్రింగుకి ఎంత కదలాలో మాత్రమే తెలుసు, ఎప్పుడు ఆగాలో తెలియదు. ఆపేది షాకే. ఊగే శక్తిని వేడిగా మార్చి గాలికి వదిలేస్తుంది, అందుకే సెషన్ అయ్యాక ముట్టుకుంటే చుర్రుమంటుంది. స్ప్రింగు నాలుగింతలు గట్టిపడితే షాక్ బిగువు రెండింతలు కావాలి. కొత్త స్ప్రింగులకి పాత షాకులు వేస్తే కారు ప్రతి గతుకు తర్వాతా ఇంకో రెండుసార్లు ఊగుతుంది, ఆ ఊగేటప్పుడు టైరు మీద బరువు నిలకడగా ఉండదు. గట్టి స్ప్రింగులు లేకుండానే మంచి నడక సాధ్యం: 1962 నాటి లోటస్ ఎలాన్‌ని చూసే మియాటాని గీశారు. ఆ ఎలాన్ స్ప్రింగులు మెత్తనివి, చక్రాల కదలిక పొడవైనది. మలుపుల్లో దాని నడక గురించి ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు.

పాత షాక్ విప్పాలి. జాగ్రత్త. స్ప్రింగు ఇంకా నలిగే ఉంది. రెండు వైపులా కంప్రెసర్ కొక్కేలు తగిలించు. సమంగా బిగించు. ఇటు నాలుగు చుట్లు. అటు నాలుగు. ముఖం పక్కకి. పై నట్టు వదులుతోంది. టింగ్. వచ్చేసింది. మెల్లగా వదులు.

కొత్త షాక్ గొట్టానికి మరలు ఉన్నాయి, దాని మీద స్ప్రింగు కూర్చునే రింగు. ఆ రింగు పైకి తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది నమ్ముతారు. గట్టిపడదు. పది కిలోల స్ప్రింగు పది కిలోలదే. కారు ఎత్తే మారుతుంది. తిప్పు. ఇంకా. పాత ఎత్తు కన్నా రెండు సెంటీమీటర్లు పైకి. ఫెండర్ కింద ఇప్పుడు మూడు వేళ్లు దూరుతున్నాయి.

కొత్త జిప్ టైలు నాలుగు. బిగించి కిందికి దించు.

*

మళ్లీ లగూనా సెకా. ఆరో మలుపులో నడుముకి ఏ చప్పుడూ తగల్లేదు. కారు ఒరిగింది, ఆగింది, నిలబడింది. నవ్వు దానంతటదే వస్తుంది.

నవ్వు చాలు. పైకి చూడు.

రేహాల్ స్ట్రెయిట్ కొండ మీదకి ఎక్కుతోంది. శిఖరం తర్వాత రోడ్డు కనిపించదు. ఆకాశం, చెట్లు. అక్కడ ఎడమకి తిరిగి రోడ్డు పడిపోతుంది. ఎడమ, వెంటనే కుడి. 140 మీటర్లు కూడా లేని దూరంలో 18 మీటర్ల దిగుడు. ఆరంతస్తుల మేడ. అదే కార్క్‌స్క్రూ.

పొద్దున నువ్వో పని చేశావు. కొత్త షాకుల బిగువు మార్చే నాబ్‌లు తిప్పుతూ వెనక రెండింటినీ దాదాపు చివరికంటా బిగించావు. బిగిస్తే మంచిదే కదా అనుకున్నావు. అన్న చూశాడు. ఊరుకున్నాడు.

శిఖరం వస్తోంది. బ్రేకు. గట్టిగా.

బరువు ముందుకి. వెనక తేలిక. రోడ్డు జారిపోతోంది. వెనక చక్రాలు దిగాలి. దిగట్లేదు.

టపటపటప. వెనక గెంతుతోంది.

తోక కుడికి. ఇంకా బ్రేకు మీదే ఉన్నావు. కొంచెం వదులు. కొంచెమే. చెట్టు చూడు. ఎడమకి తిప్పు.

కడుపు గొంతులోకి.

దిగింది. కుడికి! అంచు రాళ్లు. దడదడ. పట్టుంది. గ్యాస్.

తొమ్మిదో మలుపులోకి దిగుతుంటే చేతులు వణుకుతున్నాయి. మైకులో అన్న ఒకటే అడుగుతాడు. “చక్రాన్ని ఎవరు పట్టుకున్నారు?”

నువ్వే పట్టుకున్నావు. ఆ నాబ్ ఎక్కువగా మార్చేది రిబౌండ్‌ని, అంటే నలిగిన షాక్ తిరిగి ఎంత త్వరగా సాగుతుందన్నదాన్ని. మరీ బిగించినప్పుడు స్ప్రింగు చక్రాన్ని కిందికి తోస్తున్నా షాక్ వదలదు. రోడ్డు పడిపోతుంటే టైరు దాన్ని అందుకోలేదు. వరసగా గతుకులు వచ్చే చోట ఇంకో రకం కష్టం: ఒక గతుకు నుంచి తేరుకునేలోపు ఇంకొకటి వచ్చి, కారు మెట్టుమెట్టుగా కిందికి దిగిపోయి, చివరికి మళ్లీ బంప్ స్టాప్ మీద కూర్చుంటుంది. మంచి షాకులు కొని, కోరి రాయిని వెనక్కి పిలిచినట్టవుతుంది.

పిట్‌లో మోకాళ్ల మీద కూర్చుని వెనక నాబ్‌ని ఎడమకి తిప్పు. టిక్, టిక్, టిక్, టిక్. రెండో వైపూ అంతే. ముందువి ముట్టుకోకు. టైర్ల గాలీ మార్చకు. రెండు పనులు ఒకేసారి చేస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు. చిన్న పుస్తకంలో రాసుకో: వెనక రిబౌండ్ నాలుగు వదులు.

తర్వాతి సెషన్‌లో శిఖరం దగ్గర వెనక ఒక్కసారి తేలికై, వెంటనే నేలని వెతుక్కుంది. బ్రేకు ఇంకాస్త ఆలస్యంగా వేశావు. అయినా నిలబడింది. ఇంకో రెండు క్లిక్కులు వదిలి చూశావు. ఆరో మలుపు నుంచి బయటికి వస్తున్నప్పుడు కారు ఒళ్లు తేలుతూ ఒక ఊపు ఎక్కువ ఊగింది. ఆ రెండూ మళ్లీ బిగించావు. ఇదీ కొలత. ఏ పట్టికా నీ కారుకి దీన్ని ముందే చెప్పలేదు.

సాయంత్రం నీడలు పొడుగవుతుంటే అన్న తన డిక్కీ తెరుస్తాడు. ఆ 700 జత అందులో ఉంది. “ఇవి నా దగ్గర ఊరికే పడున్నాయి. ఇచ్చేస్తా, తీసుకుంటావా?”

నువ్వు వంగి కుడి వెనక టైని చూస్తావు. ఫోమ్ ముద్దకి పన్నెండు మిల్లీమీటర్ల కింద ఆగి ఉంది. కడ్డీ మీద ఆ పన్నెండూ దుమ్ము చెరగకుండా ఉన్నాయి.

“ఇప్పుడు కాదన్నా. స్లిక్కులు వేసిన రోజు అడుగుతా.”

“అప్పుడైనా ముందు షాకుల లోపలి వాల్వుల్ని ఆ స్ప్రింగుకి తగ్గట్టు మార్పించాలి,” అని డిక్కీ మూసేస్తాడు. నువ్వు నాలుగు నాబ్‌లూ హైవేకి సరిపడా వదులు చేస్తావు. ఫ్రీమాంట్‌కి గంటకి పైనే దారి.